పులివెందుల నుంచి వచ్చిన సువార్త బండి

పోయిన నెల మా అల్లుడు ప్రసాదు నన్ను ప్రొద్దుటూరుకు పిలుచుకొని పోయాడు. కలమల్ల దగ్గరి కరెంటు ఫ్యాక్టరీలో అతనికి పని. కూతురు, అల్లుడు, వియ్యపురాలు, మనవరాళ్లు, నేను, అందరం ఆదివారం ఆరాధనకు కదలాలంటే ఆటోల కోసం పెద్ద హైరానా. అందుకని పాతదే అయినా నమ్మకమైన వ్యాను ఒకటి కొనాలని వాళ్ల ఆలోచన. జమ్మలమడుగు రోడ్డు పక్కన పాత బండ్లు నిలబెట్టి అమ్మే ఖాళీ స్థలం ఉంది. ప్రసాదు ఫోనులో బొమ్మలు చూసి ముందే ఒకదాన్ని ఎంచుకున్నాడు. అమ్మే మనిషి పక్క తలుపు జరిపాడు. లోపలి నుంచి ఎండకు కాగిన రెగ్జిన్ వాసన, దాని వెనకే ఎవరో ఒలిచి సీటు కింద పడేసిన చీనీకాయ, అదే బత్తాయి, తొక్కల వాసన వచ్చాయి. “ఎక్కు అత్తా, ఏసీ గూడా ఉండాది” అన్నాడు ప్రసాదు. నా కాలు మెట్టు మీదే ఆగిపోయింది. ఆ వాసనలో మా చెల్లెలు ఎస్తేరు కిటికీ పక్కన కూర్చొని ఉంది.

మా ఊరు పెద్దముడియం దాటాక కుందూ నది వైపు నల్లరేగడిలో ఉండేది. వాన పడితే అడుగు తీసి అడుగు వేయలేం. ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చి, మేకపిల్లల కాళ్లు ఇరుక్కునేవి. మా నాయన దేవదానం మిషన్ బడిలో అయివారు, సంఘంలో పెద్ద. తెల్లారక ముందే లేచి లాంతరు వెలిగించి, చాప పరిచి, మమ్మల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి లేపేవాడు. కిరసనాయిలు వాసన, అమ్మ అప్పుడే అంటించిన కందికట్టె పొగ, పెనం మీద జొన్నరొట్టె వాసన, వాటి మధ్య నాయన గొంతు. వాక్యం చదవడం అయ్యాక పాట, పాట అయ్యాక మోకాళ్ల మీద ప్రార్థన. ఆమెన్ అనగానే మా జేజి, అంటే నాయన తల్లి, ఎస్తేరును వెలుగు వైపు తిప్పి, బొటనవేలితో కంటి కింది రెప్పను లాగి చూసేది. మా ఇంట్లో అది కూడా ఆరాధనలో భాగమే. “ఎర్రగానే ఉండాదిలే, ఈ ఆదివారం దాటుతాది” అంటే ఇంట్లో అందరికీ ఊపిరి వచ్చేది. “తెల్లబడతాంది. మనుషులను చూసుకోండి” అంటే అమ్మ రొట్టె పెనం మీదే వదిలేసి లేచేది.

ఎస్తేరుది ఒంట్లో రక్తం నిలవని జబ్బు. కొన్ని వారాలకొకసారి వేరే వాళ్ల రక్తం ఎక్కించాలి. ఎక్కించిన కొత్తల్లో గెంతేది, పాటలు పాడేది, వెనక నుంచి వచ్చి నా జడ పట్టుకొని లాగేది. ఆ రక్తం అయిపోతూ ఉంటే గోడకు ఆనుకొని కూర్చొని, తన చేతుల వైపు తానే చూసుకునేది. అప్పట్లో ఆసుపత్రిలో రక్తం సిద్ధంగా దొరికేది కాదు. ఇచ్చేవాళ్లను మనమే వెంట పిలుచుకొని పోవాలి. ప్రొద్దుటూరు పోయాక ఒకరి రక్తం కలవదు, ఇంకొకరికి జ్వరం అంటారు, మరొకరికి బలం చాలదంటారు. అందుకని ఎప్పుడు పోయినా ఒక గుంపుగా పోవాలి. కొడవలికీ నాటుబాంబుకూ భయపడని ఊరు మాది, సూది అంటే మాత్రం పారిపోయేది. సంఘస్థులు కొందరు వచ్చేవాళ్లు. బయటివాళ్లలో మొదట చేయి చాచింది ఊరి పెద్ద రైతు రామిరెడ్డి మామ. ఆయన రక్తం ఎస్తేరుకు సరిగ్గా కలిసింది. “ఇంగ నా రక్తం ఎక్కినాక ఈ పాప గూడా మీసం తిప్పుతాదేమో చూడు అయివారూ” అని నవ్వేవాడు. ఎస్తేరు రెండు వేళ్లు మూతి మీద పెట్టి తిప్పి చూపించేది.

మా ఊరికి వచ్చే బస్సు డ్రైవరు దయ ఉంటే వచ్చేది, లేకుంటే పెద్దముడియంలోనే తిరుక్కొనేది. ఒకసారి జేజి “తెల్లబడింది” అన్న రోజే, ఎక్కడో ఎవరినో నరికారని బస్సులన్నీ ఆపేశారు. రామిరెడ్డి మామ జీపు ఎవరో ఎన్నికల పనికి తీసుకుపోయారు. ఎస్తేరును నులకమంచం మీద పడుకోబెట్టి, రక్తమిచ్చే మనుషులే నాలుగు పక్కలా పట్టుకొని పెద్దముడియం దాకా మోసుకొచ్చారు. నేను పక్కన నడుస్తూ గొడుగు పట్టాను. మధ్యలో అది కళ్లు తెరిచి, “అక్కా, నన్ను పూడ్చిపెట్టేకి పోతాండారా?” అని అడిగింది. మోసేవాళ్లలో ఒకాయన మంచం దించి, గట్టు మీద కూర్చొని, తుండుగుడ్డలో మొహం పెట్టుకున్నాడు. ఆ రోజు శనగల లారీ దొరికి బతికి బయటపడ్డాం. ఇంటికి వచ్చాక నాయన ఉన్న ఒక్క చేను అమ్మేశాడు. “మనకు బండి కావాల. అందరం పట్టేది. ఎప్పుడు తాళం తిప్పితే అప్పుడు లేచేది” అన్నాడు. మేము దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు, అదొక్కటే అడిగాము.

ఎస్తేరుకు రక్తం ఎక్కే రోజుల్లో నాయనకు ప్రొద్దుటూరులో ఖాళీ సమయం దొరికేది. షెడ్డు మేస్త్రీ మస్తాన్‌ను వెంటబెట్టుకొని బండ్లు చూసేవాడు. కొన్నిసార్లు నేనూ పోయేదాన్ని. మస్తాన్ అన్నకు ఏ బండీ నచ్చేది కాదు. ఒక వ్యాను కింద దూరి, బయటికొచ్చి, “అయివారూ, దీని అడుగు రేకు మీద ఆశ పెట్టుకోవద్దు. గుంత వస్తే మీరు రోడ్డు మీదుంటారు, బండి ముందరికి పోతాది” అన్నాడు. అమ్మే ఆయన కోపంతో, “నీ మాదిరి నోరుంటే ఎవురన్నా బండి అమ్మగలరా?” అన్నాడు. “నా మాదిరి కండ్లుంటే ఎవురన్నా కొంటారా?” అన్నాడు మస్తాన్ అన్న. చివరికి ఆయనకు నచ్చింది ఒక్కటే. రంగు వెలిసి, ఒక పక్క సొట్టబోయి, వెనక అద్దానికి బదులు అట్ట కట్టిన వ్యాను. ఒకే కూతతో లేచింది. “కొమ్ము విరిగిన ఎద్దు అయివారూ. చూసేకి బాగుండదు గానీ కాడి వదలదు. తీసుకోండి.” నాయన వెనక తలుపు తీసి లోపలికి తల పెట్టి, వెంటనే బయటికి తీశాడు. అది బ్రాందీ షాపు సరుకు తోలే బండి. ఆ వాసన రేకుల్లోకి, సీట్లలోకి ఇంకిపోయి ఉంది. ఇంకొక మాట లేకుండా నాయన నా చేయి పట్టుకొని వెనక్కి తిరిగాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర జేజి వదల్లేదు. “ఒరేయ్ దేవదానం, బండి తాగిందా, బండి మీద పోయినోళ్లు తాగినారా?” అంది. “అది పాపం మోసిన బండి అమ్మా. దాంట్లో బిడ్డను పండబెట్టి, నేను ఏ మొగం పెట్టుకొని ప్రార్థన చేసేది?” అన్నాడు నాయన. అమ్మ తలెత్తకుండానే, “సీసాలు పగలకుండా మోసిన బండి మన పాపను మోయదా?” అంది. నాయన చేయి కడుక్కొని లేచిపోయాడు. ఆయన మూర్ఖుడు కాడు, కఠినుడూ కాడు. బిడ్డను దేవుడి చేతిలో పెట్టిన మనిషి. ఆ చేయి ఏమాత్రం మురికి పడినా బిడ్డ జారిపోతుందని భయం. అప్పుడు నేను కూడా నాయన పక్షమే.

తర్వాత జమ్మలమడుగులో మూడు జిల్లాల సంఘాలు కలిసి జరుపుకునే కూటాల్లో నాయనకు సమూయేలన్న కలిశాడు. పులివెందుల పక్కన చీనీతోట ఉన్నాయన. ఊరూరా తిరిగి సువార్త చెప్పేవాడు. దాని కోసం ఒక పొట్టి ముక్కు డీజిలు వ్యాను పెట్టుకున్నాడు. ఇప్పుడు గొంతు పోయిందనీ, తిరగలేననీ, విశ్వాసుల ఇంటికే ఇస్తే తృప్తి అనీ చెప్పాడట. నాయన ఇంటికి వచ్చేటప్పుడు నడవలేదు, తేలుతూ వచ్చాడు. “మస్తాన్‌కు ఒకసారి చూపించు” అంది అమ్మ. “దేవుడు చూపించినదాన్ని మళ్లా మస్తాన్‌కు చూపించాల్నా?” అన్నాడు.

ఒక ఆదివారం పొద్దున సమూయేలన్న ఆ బండిని పులివెందుల నుంచి మా ఊరి గుడికి తానే తోలుకొని వచ్చాడు. తెల్లటి బండి. పక్కన నీలిరంగుతో సిలువ, పావురం. మాకని ఒక గంప చీనీకాయలు వెనక సీటు మీద తెచ్చాడు. ఆరాధన అయి అందరం బయటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మాలో కొత్త ఇల్లు కట్టినా, కొత్త కాడెద్దులు కొన్నా సంఘమంతా చేతులు ఉంచి ప్రార్థన చేయడం ఆచారం. కొనకముందు చేస్తే అది దేవుణ్ణి అడగడం. నాయన బానెట్ మీద రెండు చేతులూ ఉంచి, “ప్రభువా, ఇది నువ్విచ్చే బండి అయితే నా చేతులకు తెలియజెయ్యి” అన్నాడు. పాస్టరుగారు నూనె రాశారు. అందరం చేతులు పెట్టాం. ఎస్తేరు అందక, నేను ఎత్తుకుంటే అది కూడా అరచేయి ఆనించింది. రేకు వెచ్చగా ఉంది. బతికున్న ఒంటి మాదిరి, జ్వరం తగ్గిన బిడ్డ నొసలు మాదిరి వెచ్చగా ఉంది. నాయన కళ్ల నుంచి నీళ్లు కారి బానెట్ మీద పడ్డాయి. “తగిలింది! అగ్ని తగిలింది!” అన్నాడు. స్తోత్రాలతో గుడి ముందరంతా మారుమోగింది. జేజి మాత్రం నా వెనక నిలబడి, “పులివెందుల నుంచి తోలుకొచ్చిన బండి, ఎండలో పెట్టినారు. కాగక ఏమైతాది?” అంది. అందరూ ఆమె వైపు ఎట్లా చూశారంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సమూయేలన్న తాళం తిప్పాడు. బండి వెంటనే లేచింది. లేవకుండా ఎట్లా ఉంటుంది?

ఆ ఎండాకాలం మాకు పండగ. నాయన బండి తోలడం నేర్చుకున్నాడు. జేజి “తెల్లబడతాంది” అనడం ఆలస్యం, ఇంటి ముందు హారన్ మోగేది. రక్తమిచ్చే వాళ్లంతా ఎక్కి పాటలు పాడుకుంటూ ప్రొద్దుటూరు పోయి, పాటలు పాడుకుంటూ తిరిగి వచ్చేవాళ్లం. “ఏం అయివారూ, ఆసుపత్రికి పోతాండారా, పెండ్లికి పోతాండారా?” అని చేలల్లో వాళ్లు అరిచేవాళ్లు. ఎస్తేరు చీనీకాయ ఒలిచి, తొనలు అందరికీ పంచి, తొక్కలు సీటు కింద దాచేది. బండికి ఆ వాసన శాశ్వతంగా పట్టుకుంది. పగటి ఎండ వల్లో, ఎప్పుడూ ఏదో ఒక పనికి తిప్పుతూ ఉండడం వల్లో, బండి ఒక్కసారి కూడా మొండికేయలేదు.

శనగ చేలు పూతకు వచ్చే కాలంలో మంచు పడింది. కొన్నాళ్లుగా పని లేక బండి గుడి పక్కన నిలబడే ఉంది. ఆ తెల్లవారుజామున ప్రార్థన కాకముందే ఎస్తేరు చాప మీద పక్కకు ఒరిగిపోయింది. జేజి రెప్ప లాగి చూసి ఏమీ చెప్పలేదు. ఆమె ఏమీ చెప్పకపోవడం అదే మొదలు. నేను చెల్లెల్ని ఎత్తుకొని వెనక సీటులో కూర్చున్నాను. మనుషులు ఎక్కారు. నాయన తాళం తిప్పాడు. లోపల ఏదో గురగురమని, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఆ శబ్దం కూడా సన్నగిల్లుతూ పోయింది. “దిగండప్పా, తొయ్యండి!” రక్తమివ్వాల్సిన మనుషులే బండిని తోశారు. మంచుకు తడిసిన రేగడి చక్రాలకు ముద్దలు ముద్దలుగా పట్టుకుంది. ఊరు చివరి దాకా తోశారు, లేవలేదు. వాళ్ల రొప్పు లోపలికి వినిపిస్తుంటే, ఆసుపత్రి వాళ్లు అడిగే బలమంతా ఈ మట్టిలోనే పోతోందని నాకు ఏడుపొచ్చింది. నాయన దిగి, ముందుకు పోయి, బానెట్ మీద రెండు చేతులూ పెట్టాడు. అద్దం లోంచి చూస్తున్నాను. వేడి అన్నం గిన్నె తాకినవాడి మాదిరి వెంటనే చేతులు తీసేశాడు. మళ్లీ పెట్టాడు. అది రాయి మాదిరి చల్లగా ఉంది. అంతవరకు నాయన ప్రార్థన మధ్యలో మాట తప్పడం నేను చూడలేదు. ఆ రోజు “ప్రభువా” అని, తర్వాత మాట దొరక్క అట్లాగే నిలబడిపోయాడు.

రామిరెడ్డి మామ తన కాడెద్దులను తోలుకొని పరుగున వచ్చాడు. “చేతులు తియ్యి అయివారూ. నువ్వు తర్వాత మొక్కుకుందువు గానీ, పోయి లోపల కూర్చో” అన్నాడు. మోకు తెచ్చి ముందర ఇనుముకు కట్టాడు. ఎద్దులు మోకాళ్ల మీద వంగి లాగాయి. వెనక నుంచి సంఘమంతా తోసింది. సిలువ, పావురం ఉన్న బండిని రెడ్డిగారి ఎద్దులు పెద్దముడియం దారిలో లాగుతుంటే, ఒక్కసారి నల్లటి పొగ కక్కి, దగ్గి, లేచింది. ఎద్దులు బెదిరి, మోకు తెంచుకొని చేలో పడ్డాయి. మామ వాటిని వదిలేసి, మట్టి కాళ్లతో బండిలోకి దూకాడు. ప్రొద్దుటూరులో ఆయన రక్తమే తీసుకున్నారు. ఆ రోజు ఎస్తేరు బతికింది. సాయంత్రానికి కళ్లు తెరిచి, మామ వైపు చూసి, రెండు వేళ్లు మూతి మీద పెట్టి తిప్పింది.

నాయన పులివెందుల పోయి సమూయేలన్నను అడిగాడు. ఆయన ఆశ్చర్యపోయాడట. “చలికాలంలో అంతే అన్నా. నేను రోజూ పొద్దున్నే ఇంజను కింద నిప్పుల బొచ్చె పెట్టి, కాగినాక లేపేవాణ్ణి. శానా పాత ఇంజను గదా. నీకు తెలుసనుకున్నా. నువ్వు ఏమీ అడగలేదు, ప్రార్థన చేస్తాంటివి.” ఆయన అబద్ధం చెప్పలేదు. మేము అడగలేదు. నాయన ఇంకొక గంప చీనీకాయలతో తిరిగి వచ్చి, ఆ గంప గడపలోనే పెట్టేశాడు. అమ్మ ఒక్క మాట దెప్పలేదు. మరుసటి రోజు నుంచి పొద్దున్నే లేచి, మా పొయ్యి కంటే ముందు బండి కోసం నిప్పు చేసేది. ఇనుప బొచ్చెలో బొగ్గులు వేసుకొని, చీకట్లో గుడి పక్కకు నడిచిపోయేది. వంగి ఇంజను కిందికి తోసేది. అవసరం ఉన్నా లేకున్నా, జేజి ఏం చెప్పినా చెప్పకున్నా. మా ప్రార్థన ఇంట్లో జరిగేది, అమ్మది అక్కడ జరిగేది. బండి మార్చడానికి అమ్మే చేను ఇంకొకటి లేదు.

అట్లా ఆ చలికాలం గడిచింది, దాని తర్వాతిది కూడా. ఎస్తేరు నా భుజం దాకా పెరిగింది. సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. మళ్లీ ఎండలు ముదిరిన కాలంలో ఒక పొద్దున జేజి రెప్ప లాగి చూసి, “ఎర్రగానే ఉండాది” అంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మధ్యాహ్నం ఎస్తేరు గుండె నొప్పి అంది. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో పేరుకుంటుందని, అది రెప్పల్లో కనిపించదని మాకు తర్వాత చెప్పారు. నాయన పరుగెత్తి తాళం తిప్పాడు. బండి ఒక్క కూతతో లేచింది. అంత చక్కగా అది ఎప్పుడూ లేవలేదు. జమ్మలమడుగు దాటక ముందే నా ఒడిలో ఎస్తేరు తల బరువెక్కింది. నాయనకు చెప్పలేక నేను నోరు మూసుకున్నాను. ఆయన హారన్ కొడుతూ, పాట పాడుతూ, ప్రొద్దుటూరు దాకా తోలాడు. తిరిగి వచ్చాక జేజి గడపలో కూర్చొని, “బండి లేసింది, బిడ్డ లేయలేదు” అంది. ఆమె అంత తక్కువ మాటలతో ఏడవడం నాకు ఇంకా వినిపిస్తుంది.

నాయన ఆ బండిని అమ్మలేదు. దానిలో ఎక్కనూ లేదు. గుడి పక్కన చక్రాలు భూమిలోకి దిగి, లోపల కోళ్లు గుడ్లు పెట్టాయి. ఆయన మాత్రం చివరి రోజు దాకా తెల్లారక ముందే లేచి చాప పరిచాడు. “నాయనా, ఆ వేడి దేవుడిది కాదు గదా” అని పెద్దయ్యాక ఒకసారి అన్నాను. “వేడి ఇంజనుదే” అన్నాడు. కాసేపాగి, “ఆ ఎద్దులు ఎవరివి?” అన్నాడు. ఇప్పటికీ నా దగ్గర సగం జవాబే ఉంది. నేను కూడా రోజూ మోకాళ్లు వంచుతాను. దేవుడు మా మొర వినలేదని నేను అనలేను, విన్నాడని గట్టిగా చెప్పనూ లేను. ఇప్పుడు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. రక్తం పట్టణంలో సంచుల్లో చల్లగా సిద్ధంగా ఉంటుంది. ఇనుమును బయటికి తీసే మందులు ఉన్నాయి. ఇవన్నీ మంచివే. వాటిని చూసినప్పుడల్లా స్తోత్రం చెబుతాను, చెబుతూనే నా లోపల ఒకటి, ఎందుకు ఇంత ఆలస్యం ప్రభువా అని అడుగుతూనే ఉంటుంది. మనవరాళ్లు నిద్ర లేవగానే వాళ్ల రెప్పలు లాగి చూడకుండా ఉండలేను. “అవ్వా, రోజూ ఏంది ఇది!” అని విసుక్కుంటారు.

పోయిన నెల ప్రొద్దుటూరులో నేను ఆ వ్యాను మెట్టు దిగి, అమ్మే మనిషిని అడిగాను. “ఈ బండిని ఈ రోజు ఎవరూ కదపొద్దప్పా. రేపు తెల్లారుజామున వస్తాం. మేము వచ్చేదాకా తాళం తిప్పొద్దు.” ఆయన నవ్వి, “ఏందమ్మా, ముహూర్తమా?” అన్నాడు. “మాకు ముహూర్తాలు లేవు. చల్లగా ఉన్నప్పుడు చూడాల” అన్నాను. ప్రసాదు నా వైపు వింతగా చూశాడు గానీ, ఎదురు చెప్పలేదు.

మరుసటి రోజు వెలుగు రాకముందే పోయాము. బండ్ల మీద మంచు నీళ్లు పట్టి ఉన్నాయి. నేను బానెట్ మీద అరచేయి ఉంచాను. చల్లగా, రాయి మాదిరి ఉంది. ప్రసాదు టోపీ తీసి, కళ్లు మూసుకొని, “ప్రార్థన చెయ్యి అత్తా” అన్నాడు. “ముందు తాళం తిప్పు నాయనా” అన్నాను. ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. తర్వాత ఇంజను లేచింది, దగ్గకుండా, పొగ లేకుండా. అమ్మే మనిషి ఏదో మాట్లాడుతున్నాడు. ప్రసాదు నన్ను ఎక్కమని పిలుస్తున్నాడు. నా చేతి కింద రేకు నెమ్మదిగా వెచ్చబడుతోంది. అది ఇంజను వేడేనని నాకు తెలుసు. చేయి మాత్రం తీయబుద్ధి కాలేదు.